సొంత సొమ్ము, జనం నమ్మకం: డేవిడ్ ట్రోన్ ఎన్నికల లెక్క

వ్యాపారంలో గడించిన సొమ్మును తన ప్రచారానికి తానే పెట్టుకుని చట్టసభలో అడుగుపెట్టాలని చూసే అభ్యర్థి ఏ ప్రజాస్వామ్యానికీ కొత్త కాదు. అయితే అలాంటి అభ్యర్థికి డబ్బు ఎంతవరకు అక్కరకు వస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్న ప్రశ్నకు అంకెలతో సహా జవాబు దొరికే సందర్భాలు తక్కువ. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం నుంచి 2019 జనవరి మొదలు 2025 జనవరి వరకు ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్న డేవిడ్ ట్రోన్ రాజకీయ జీవితం అలాంటి సందర్భం. టోటల్ వైన్ అండ్ మోర్ అనే భారీ మద్యం దుకాణాల సంస్థకు సహ యజమాని అయిన ఆయన, ఎనిమిదేళ్ల వ్యవధిలో మూడు కీలకమైన పోటీల్లో కోట్ల డాలర్ల సొంత డబ్బు వెచ్చించి, ఒకదానిలో గెలిచి రెండింటిలో ఓడారు. గెలిచిన ఆ ఒక్క పోటీలో ఆయనకు ప్రధాన ప్రత్యర్థిగా నిలిచినవారు హైదరాబాద్‌లో పుట్టిన తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్. అందువల్ల ఈ చరిత్ర తెలుగు పాఠకుడికి దూరదేశపు వార్తగా మిగిలిపోదు.

పొలం నుంచి దుకాణానికి

ట్రోన్ 1955లో మేరీలాండ్‌లోని చెవర్లీ పట్టణంలో జన్మించి, పక్కనే ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో కోళ్లు పెంచే రైతు కుటుంబంలో పెరిగారు. తండ్రి వ్యవసాయం నష్టాలలో కూరుకుపోయి దివాలా తీయడం కళ్లారా చూసిన ఆ కుర్రవాడు ఫర్మన్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, ఆపై పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రసిద్ధ వాణిజ్య విద్యాలయం వార్టన్‌లో చదువుతూనే, 1980ల నడుమ హారిస్‌బర్గ్ నగరంలో బీరు దుకాణం తెరిచారు. బీరుతోనే ఎందుకు మొదలుపెట్టారో తెలియాలంటే అమెరికా మద్యం చట్టాల స్వభావం కొంత తెలియాలి.

1920 నుంచి 1933 వరకు అమెరికా అంతటా సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. రాజ్యాంగానికి చేసిన 21వ సవరణతో ఆ నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు, మద్యం అమ్మకాలను ఎలా అదుపు చేయాలన్న అధికారం రాష్ట్రాలకు దక్కింది. చాలా రాష్ట్రాలు మూడంచెల పద్ధతిని ఎంచుకున్నాయి: తయారీదారు ఒకరు, టోకు వ్యాపారి మరొకరు, చిల్లర దుకాణదారు ఇంకొకరు, ఒకరి పనిలో మరొకరు చేయి పెట్టకూడదన్నది ఈ పద్ధతికి మూలసూత్రం. పెన్సిల్వేనియా ఇంకో అడుగు ముందుకు వేసి, వైన్‌నూ ఘాటైన మద్యాన్నీ ప్రభుత్వ దుకాణాల్లోనే అమ్మించి, బీరును మాత్రం ప్రైవేటు వ్యాపారులకు వదిలింది. బీరుతో మొదలుపెట్టిన ట్రోన్, వైన్ కూడా అమ్మాలంటే రాష్ట్రం సరిహద్దు దాటక తప్పదని గ్రహించి, 1991లో తమ్ముడు రాబర్ట్‌తో కలిసి పొరుగున ఉన్న డెలావేర్‌లో దుకాణం తెరిచారు. నేటి టోటల్ వైన్ సంస్థకు పునాది అదే.

తెలంగాణ పాఠకుడికి ఈ వ్యాపారం తీరు కొంత వింతగా తోచవచ్చు. ఇక్కడ టోకు వ్యాపారమంతా రాష్ట్ర ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. జనం వాడుకలో వైన్స్ అనిపించుకునే చిల్లర దుకాణాలు 2,620. వాటి లైసెన్సులు దరఖాస్తుదారుల మధ్య లాటరీ తీసి కేటాయిస్తారు. ఆలేరులో అమ్మే సీసాకు, హైదరాబాద్‌లో అమ్మే సీసాకు ముద్రించిన ధర ఒక్కటే కనుక ధర తగ్గించి పక్క దుకాణం గిరాకీని లాగే వీలు ఉండదు. ట్రోన్ సోదరుల వ్యాపార రహస్యం మాత్రం రెండు విషయాల్లో ఉంది. గోదాములంత విశాలమైన దుకాణాల్లో వేల రకాల వైన్లను పేర్చడం ఒకటి, పెద్ద మొత్తంలో కొని తక్కువ లాభానికి అమ్మడం రెండోది. సూపర్ బజారు పద్ధతిని మద్యానికి తెచ్చిన ఈ ఎత్తుగడతో సంస్థ పదుల రాష్ట్రాలకు విస్తరించి, దేశంలో వైన్ అమ్మే స్వతంత్ర చిల్లర సంస్థల్లో అగ్రస్థానానికి చేరింది.

కొత్త రాష్ట్రంలో కాలు మోపిన ప్రతిసారీ అక్కడి చట్టం అడ్డు వచ్చేది. చిన్న దుకాణదారులను కాపాడాలన్న పేరుతో కొన్ని రాష్ట్రాలు కనీస ధరలు నిర్ణయించాయి, కొన్ని ఒకే యజమానికి ఇన్ని దుకాణాలకు మించి ఉండరాదన్నాయి. టెన్నెసీ రాష్ట్రమైతే, కనీసం రెండేళ్లుగా అక్కడే నివసిస్తున్నవారికే మద్యం లైసెన్సు ఇస్తామన్నది. టోటల్ వైన్ అక్కడ దరఖాస్తు చేసుకోవడంతో మొదలైన వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, బయటివారిపై వివక్ష చూపే ఆ నియమం రాజ్యాంగ విరుద్ధమని 2019 జూన్‌లో ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచిన తీర్పు వెలువడింది. చట్టం రాసే చేతుల విలువ ఈ వ్యాపారికి ముందే తెలుసు. అనేక రాష్ట్రాల్లో రెండు పార్టీల నాయకులకూ సంస్థ తరఫున, యజమానుల తరఫున విరాళాలు వెళ్లాయి. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిగా నిలిచినప్పుడు రిపబ్లికన్లకు ఇచ్చిన ఆ పాత విరాళాలే ఆయనపై ప్రత్యర్థులు ఎక్కుపెట్టిన ప్రధాన విమర్శ అయ్యాయి.

మొదటి పోటీ: మూడు నెలల ఆరాటం

అమెరికా ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు ఉంటారు. వారి పదవీకాలం రెండేళ్లే. ఒక నియోజకవర్గంలో ఒక పార్టీకి గట్టి పట్టు ఉంటే, అసలు పోటీ నవంబరులో జరిగే సాధారణ ఎన్నికలో కాక, పార్టీ అభ్యర్థిని నిర్ణయించే ప్రాథమిక ఎన్నికలోనే జరుగుతుంది. ఇండియాలో పార్టీ టికెట్టు ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో ఆ పని ప్రైమరీ అని పిలిచే ఈ ప్రాథమిక ఎన్నికలో సాధారణ ఓటర్లే చేస్తారు. టికెట్టు కోసం ఢిల్లీ చుట్టూ తిరిగే అవసరం అక్కడి అభ్యర్థికి లేకున్నా, ఆ టికెట్టు కోసం ఇంటింటికీ తన పేరు చేరవేయవలసిన భారం మాత్రం ఉంటుంది. పేరు చేరవేయడం ఖర్చుతో కూడిన పని కాబట్టే సొంత సొమ్ము ఉన్నవారికి ప్రైమరీలో అవకాశం విస్తరిస్తుంది.

వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న మేరీలాండ్ 8వ నియోజకవర్గంలో 2016లో స్థానం ఖాళీ కాగా, ట్రోన్ జనవరి చివర రంగంలోకి దిగారు. ఓటింగ్ ఏప్రిల్ 26న. అంటే చేతిలో ఉన్నది మూడు నెలలు. ఎవరి దగ్గరా విరాళం పుచ్చుకోకపోతే ఎవరికీ బాకీ ఉండనన్నది ఆయన ప్రచార సూత్రం. ఆ మూడు నెలల్లో టెలివిజన్ ప్రకటనలకూ ఉత్తరాలకూ ఇతర ప్రచారానికీ కోటి 30 లక్షల డాలర్లకు పైగా సొంత డబ్బు కరిగింది; ప్రతినిధుల సభ స్థానానికి అంతకుముందెవరూ తమ జేబులోంచి అంత పెట్టలేదు. ఫలితం వెలువడినప్పుడు రాష్ట్ర సెనేటర్, రాజ్యాంగ న్యాయశాస్త్ర ఆచార్యుడు జేమీ రాస్కిన్ సుమారు 34 శాతం ఓట్లతో గెలిచారు. ట్రోన్‌కు 27 శాతం, అంటే 35 వేల పైచిలుకు ఓట్లు దక్కాయి. ఖర్చును ఓట్లతో భాగిస్తే ఒక్కో ఓటుకు 350 డాలర్లకు పైమాటే.

రాస్కిన్ తొమ్మిదేళ్లుగా రాష్ట్ర చట్టసభలో ఉన్నారు, ఏ ప్రశ్నకు ఎటు నిలుస్తారో ఓటరుకు తెలుసు. ట్రోన్ పేరు అప్పటివరకు వైన్ కొనేవారికి, విరాళాలు పుచ్చుకున్నవారికి తప్ప మరెవరికీ పెద్దగా తెలియదు. మూడు నెలల ప్రకటనలతో పేరు తెలిసింది, కానీ పేరు తెలియడానికీ మనిషి తెలియడానికీ మధ్య ఉన్న దూరం అంత తొందరగా తరగలేదు.

రెండో పోటీ: అరుణా మిల్లర్ ఎదురుగా

2018 నాటికి మేరీలాండ్ 6వ నియోజకవర్గం ఖాళీ అయింది. అక్కడి సభ్యుడు జాన్ డెలానీ కూడా ఆర్థిక సంస్థలు స్థాపించి, ఆపై రాజకీయాల్లోకి వచ్చిన వ్యాపారవేత్తే; అధ్యక్ష పదవికి పోటీ చేయాలని ఆయన స్థానాన్ని వదిలారు. వాషింగ్టన్ శివార్లలోని జనసమ్మర్దమైన పట్టణాల నుంచి పడమటి కొండల్లోని పల్లెల దాకా సన్నగా సాగిన నియోజకవర్గం అది. ఈసారి ట్రోన్ మూడు నెలల తొందరపాటును వదిలిపెట్టారు. 2017 వేసవిలోనే బరిలోకి దిగి, దాదాపు ఏడాది పాటు ఊరూరా తిరిగారు.

ఆయనకు ఎదురుగా నిలిచిన అరుణా మిల్లర్ పుట్టింటి పేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాద్‌లో జన్మించిన ఆమె ఏడేళ్ల వయసులో, 1972లో, అమెరికాలో ఇంజినీరుగా పనిచేస్తున్న తండ్రి దగ్గరికి కుటుంబంతో వెళ్లారు. మిస్సోరీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, 1990లో మేరీలాండ్ చేరి, మాంట్‌గోమరీ కౌంటీ రవాణా విభాగంలో పాతికేళ్లు రోడ్లు, కాలిబాటలు, దారుల భద్రత వంటి పనులు చూశారు; కౌంటీ అంటే మన జిల్లాకు దగ్గరగా ఉండే పాలనా విభాగం. 2000లో అమెరికా పౌరసత్వం పొందిన ఆమె, 2010లో రాష్ట్ర దిగువ సభకు ఎన్నికై రెండు విడతలు శాసనసభ్యురాలిగా ఉన్నారు. ఉద్యోగం, శాసనసభ్యత్వం వంటి మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి వచ్చిన అభ్యర్థికి, వ్యాపార శిఖరం మీది నుంచి నేరుగా దిగిన అభ్యర్థికి మధ్య పోటీ అది.

ఇద్దరినీ కొలిచిన చట్టం ఒకటే అయినా, అది ఇద్దరి మీదా ఒకే రీతిగా పనిచేయలేదు. ఆనాటి నిబంధన ప్రకారం ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో 2,700 డాలర్లకు మించి విరాళం ఇవ్వరాదు. మిల్లర్ ఆ పరిమితికి లోబడి, ఎందరో దాతల చేత ఇంత ఇంత వేయించుకుని నిధి కూడబెట్టాలి. సొంత ప్రచారానికి సొంత డబ్బు పెట్టుకునే ట్రోన్‌కు పరిమితే లేదు. మహిళా అభ్యర్థులకు అండగా నిలిచే ఎమిలీస్ లిస్ట్ అనే సంస్థ మద్దతు, తెలుగు, భారతీయ కుటుంబాల ఉత్సాహం మిల్లర్ వెంట ఉన్నాయి. జూన్ 26న ట్రోన్‌కు సుమారు 40 శాతం, ఆమెకు 31 శాతం ఓట్లు పడ్డాయి. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థిని తేలికగా ఓడించి ట్రోన్ సభలో ప్రవేశించారు.

2016లో రాస్కిన్ గెలిచిన కారణాలు మిల్లర్‌కు కూడా చాలావరకు ఉన్నాయి కదా, అయినా ఆమె ఎందుకు ఓడారన్న సందేహం సహజమే. మిల్లర్ ప్రాతినిధ్యం వహించిన శాసనసభ నియోజకవర్గం 6వ నియోజకవర్గంలో ఒక మూల మాత్రమే; పడమటి కొండల్లోని ఓటరుకు ఆమె కూడా ట్రోన్‌లాగే కొత్త మనిషి. ఇద్దరూ కొత్తవారైన చోట ఎవరి మాట ఎక్కువసార్లు వినబడితే వారిది పైచేయి అవుతుంది. పైగా ట్రోన్ ఈసారి డబ్బుతో పాటు ఏడాది కాలాన్ని కూడా పెట్టుబడిగా పెట్టారు. దాంతో డబ్బు తెచ్చిన పరిచయం ముదిరి, కొంత నమ్మకంగా మారడానికి వ్యవధి చిక్కింది.

సభలో ఆరేళ్లు

వ్యాపారి సభ్యుడైతే తన వ్యాపారానికే చట్టాలు వంచుతాడన్న అనుమానం ఎక్కడైనా పుడుతుంది. ట్రోన్ సంస్థలో యజమాని వాటా అట్టే పెట్టుకున్నప్పటికీ, ఆయన శాసన కృషికి కేంద్రమైనది మద్యం కాదు, మత్తు మందుల వ్యసనం. 2016 చివరలో ఆయన దగ్గరి బంధువు ఇయాన్ ఫెంటానిల్ మోతాదు మించి మరణించారు. ఫెంటానిల్ అంటే తీవ్రమైన నొప్పికి వైద్యులు వాడే కృత్రిమ మందు, మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైనది, దొంగచాటుగా తయారై బజారుకెక్కి అమెరికాలో ఏటా వేలాది ప్రాణాలు తీస్తున్నది. సభలోకి వచ్చిన తొలి ఏడాదే కొత్త సభ్యులను రెండు పార్టీల నుంచీ కూడగట్టి వ్యసన సమస్యపై ఆయన ఒక బృందాన్ని ఏర్పరచారు. కృత్రిమ మత్తు మందుల అక్రమ రవాణాపై ఏర్పడిన కమిషన్‌కు రిపబ్లికన్ సెనేటర్ టామ్ కాటన్‌తో కలిసి సహాధ్యక్షత వహించగా, ఆ కమిషన్ నివేదిక 2022 ఫిబ్రవరిలో వెలువడింది. ప్రభుత్వ వ్యయానికి నిధులు కేటాయించే అప్రోప్రియేషన్స్ కమిటీలోనూ ఆయనకు చోటు దొరికింది.

జైలు సంస్కరణలపై ఆయన ఆసక్తి వెనుక కూడా సొంత అనుభవం ఉంది. బీరు దుకాణాల రోజుల్లో మద్యం చట్టాలను ఉల్లంఘించారన్న ఆరోపణపై పెన్సిల్వేనియాలో అరెస్టయ్యారు. ఆ అభియోగాలు కోర్టులో నిలవలేదు. పౌరహక్కుల సంస్థ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్‌కు నేర న్యాయ సంస్కరణల కోసం ఆయన ఇచ్చిన భారీ విరాళానికి ఈ నేపథ్యం ఉంది. మద్యం అమ్మి ధనవంతుడైన మనిషి వ్యసనం మీద పోరాడటంలో విరోధాభాసం ఉందని విమర్శించవచ్చు. ఆయన పని ఆ విరోధాన్ని పూర్తిగా తీర్చలేదు, అలాగని వ్యసన సమస్య మీద జరిగిన పనిని ఆ విరోధం చెరిపేయనూ లేదు.

మూడో పోటీ: రాష్ట్రమంత వేదిక

2024లో మేరీలాండ్ నుంచి సెనేట్ స్థానం ఖాళీ అయింది. సెనేట్ అమెరికా చట్టసభలో ఎగువ సభ. జనాభాతో నిమిత్తం లేకుండా రాష్ట్రానికి ఇద్దరు చొప్పున సభ్యులు, ఆరేళ్ల పదవీకాలం. తన సభ స్థానాన్ని వదులుకుని ట్రోన్ ఈ పోటీకి దిగి, ఆరు కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు వెచ్చించారు. ప్రత్యర్థి ఏంజెలా ఆల్సోబ్రూక్స్ ప్రిన్స్ జార్జ్ కౌంటీ పాలనాధిపతి. రాష్ట్ర గవర్నరుతో సహా పార్టీ నాయకులు అనేకులు ఆమె పక్షాన నిలిచారు. డబ్బు తూకంలో ఆమె పక్కన పెట్టదగిన అంకె లేకున్నా, మే 14న ఆమెకు సుమారు 53 శాతం, ట్రోన్‌కు 43 శాతం ఓట్లు పడ్డాయి. నవంబరులో ఆమె మాజీ గవర్నర్ లారీ హోగన్‌పై గెలిచి సెనేటర్ అయ్యారు.

మూడు పోటీలనూ పక్కపక్కన పెడితే ఒక క్రమం కనబడుతుంది. ఓటరుకు అభ్యర్థులెవరూ తెలియని చోట, వ్యవధి చాలినంత ఉన్నప్పుడు, సొమ్ము ఫలితాన్ని మార్చగలిగింది. ఒక అభ్యర్థిని ఓటరు ముందే ఎరిగి ఉన్న చోట గానీ, ఓటరు నమ్మే మనుషులు ఆ అభ్యర్థికి పూచీ పడిన చోట గానీ, ఎంత ఖర్చు చేసినా మార్చలేకపోయింది. కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో పెరిగి, రసాయన పరీక్షాశాలల వ్యాపారంతో ధనవంతుడై, మిషిగన్‌లో రాజకీయాల్లోకి వచ్చిన శ్రీ థానేదార్ ప్రస్థానం కూడా ఈ క్రమాన్నే బలపరుస్తుంది: 2018లో గవర్నర్ పదవికి కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టి ప్రాథమిక ఎన్నికలో మూడో స్థానంలో నిలిచారు, 2020లో రాష్ట్ర శాసనసభకు గెలిచి, డెట్రాయిట్ ఓటర్ల మధ్య పనిచేసి, ఆపై 2022లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు.

ఇక 2018లో ఓడిన అరుణా మిల్లర్ 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మోర్‌తో జంట అభ్యర్థిగా నిలిచి గెలిచి, 2023 జనవరి 18న భగవద్గీత మీద ప్రమాణం చేసి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. అంటే గవర్నరు తరువాతి స్థానం. రెండేళ్లు గడవకముందే, తనను ఓడించిన మనిషి ఆ రాష్ట్రమంతటా ఓట్లడిగి ఓడిపోవడాన్ని ఆమె ఆ పదవిలో ఉండగానే చూశారు. 2024 ఎన్నికల వరకు తెలుగు మూలాలున్నవారెవరూ ప్రతినిధుల సభకు ఎన్నిక కాలేదు. నెల్లూరులో పుట్టి న్యూజెర్సీ శాసనసభలో పన్నెండేళ్లకు పైగా పనిచేసిన ఉపేంద్ర చివుకుల 2012లో ప్రయత్నించి నెగ్గలేకపోయారు.

సొంత డబ్బుకు హద్దు ఉండాలా?

ఈ ప్రశ్నకు అమెరికా, ఇండియా రెండు వేర్వేరు జవాబులు ఇచ్చాయి. అభ్యర్థి తన సొమ్మును తన ప్రచారానికి వెచ్చించడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని, దానికి హద్దు పెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో బక్లీ వర్సెస్ వాలియో కేసులో చెప్పింది. 2002 నాటి చట్టం ఒక మధ్యేమార్గం వెదికింది: ఒక అభ్యర్థి సొంత డబ్బు భారీగా పెడితే, అతడి ప్రత్యర్థి దాతల నుంచి మామూలు పరిమితికి మించి విరాళాలు తీసుకోవచ్చని సడలింపు ఇచ్చింది. కోటీశ్వరుల సవరణ అని పేరుపడ్డ ఆ నియమాన్ని కూడా 2008లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ కేసు వేసినవాడు న్యూయార్క్‌లో ప్రతినిధుల సభకు పోటీ చేసిన జాక్ డేవిస్ అనే వ్యాపారే. ఆ నియమం నిలిచి ఉంటే 2018లో అరుణా మిల్లర్‌కు 2,700 డాలర్ల గోడ కొంత కిందికి దిగి ఉండేది.

ఇండియాలో ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం ప్రతి అభ్యర్థీ ఎన్నికల ఖర్చు లెక్క చూపాలి. 2022 నుంచి పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలు మించి ఖర్చు చేయరాదు, అది ఎవరి డబ్బైనా సరే. కాగితం మీద ఇది అమెరికా కంటే చాలా కఠినం. కానీ పార్టీ పెట్టే సాధారణ ప్రచార వ్యయానికి హద్దు లేదు. లెక్కకెక్కని ఖర్చు మాట అందరికీ తెలిసిందే. అమెరికాలో హద్దు లేదు, కాబట్టి దాచవలసిన అవసరం తక్కువ. ట్రోన్ ఎంత పెట్టారో ప్రతి డాలరూ ఎన్నికల కమిషన్ పత్రాల్లో కనబడుతుంది. ఇండియాలో హద్దు ఉంది, దాని చాటున అసలు అంకె ఎప్పుడూ బయటపడదు. ఈ రెండింటిలో ఓటరుకు ఏది మేలన్నది తేలని వాదం.

తెలుగు నేల మీద ఇదే దారి

అమెరికాలో వ్యాపారం చేసి ఇక్కడి పార్లమెంటుకు వచ్చిన ఎదురు ప్రయాణానికి పెమ్మసాని చంద్రశేఖర్ తాజా ఉదాహరణ. గుంటూరు జిల్లా బుర్రిపాలెంలో పుట్టి, ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో వైద్యుల లైసెన్సు పరీక్షలకు శిక్షణ సామగ్రి అందించే యూవరల్డ్ సంస్థను స్థాపించిన ఆయన, 2024లో 5,700 కోట్ల రూపాయలకు పైగా కుటుంబ ఆస్తులు ప్రకటించి, గుంటూరు నుంచి మూడు లక్షల 44 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచి కేంద్ర సహాయమంత్రి అయ్యారు. చేవెళ్లలో కొండా విశ్వేశ్వర్ రెడ్డి వందల కోట్ల ఆస్తులు ప్రకటించి కూడా 2019లో ఓడారు, 2024లో గెలిచారు. ఆలేరు శాసనసభ స్థానం చేరి ఉన్న భువనగిరి లోక్‌సభ నియోజకవర్గం 2009లో ఎన్నుకున్న తొలి సభ్యుడు కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి మౌలిక సదుపాయాల నిర్మాణ వ్యాపారం నుంచి వచ్చినవారే. 2014లో అదే నియోజకవర్గం శస్త్రవైద్యుడు బూర నర్సయ్య గౌడ్‌ను ఎంచుకుంది. ఈ గెలుపోటముల వెనుక పార్టీ గాలి, కులం, ఉద్యమం వంటి శక్తులు కూడా ఉంటాయి గనుక ట్రోన్ పోటీల్లో లాగా డబ్బు ప్రభావాన్ని ఒంటరిగా తూచడం ఇక్కడ కష్టం.

అయితే డబ్బు లేని నమ్మకానికి తూకం ఎంతో ఈ నేలకు ముందే తెలుసు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలో భువనగిరి దగ్గరి బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి పోటీ చేసి, జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పొందారు. భూస్వామ్య కుటుంబంలో పుట్టినా, జనం ఆయనను నమ్మింది ఆస్తిని చూసి కాదు, ఆ ఆస్తికి ఎదురు నిలిచిన తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చూసి. అదే ఎన్నికలో ఆలేరు శాసనసభకు గెలిచిన ఆరుట్ల కమలాదేవి అజ్ఞాతవాసమూ జైలుజీవితమూ గడిపి వచ్చిన పోరాటయోధురాలు. ఆ తర్వాత 1957, 1962లలో కూడా ఆలేరు ఆమెనే పంపింది. పోరాట కాలంలో ఆమె పల్లెల్లో గడిపిన ఏళ్లే ఆమె ప్రచారం. ట్రోన్ 2016లో మూడు నెలల్లో కొనలేకపోయినది అటువంటి కాలాన్నే.

ఆ తరానికి లేని ఒక సదుపాయం నేటి ఓటరుకు ఉంది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని 2002లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పిన తర్వాత, నామినేషన్‌తో పాటు ఫారం 26 అనే అఫిడవిట్ దాఖలు చేయడం తప్పనిసరి అయింది. ఎన్నికల సంఘం దాన్ని అందరికీ అందుబాటులో ఉంచుతుంది. అందులో అభ్యర్థి పేరున, జీవిత భాగస్వామి పేరున ఉన్న పొలాలు, వాటాలు, అప్పులు, ప్రభుత్వంతో చేసుకున్న కాంట్రాక్టులు కనబడతాయి. సొమ్ము ఎక్కడిదో, ఏ చట్టం మారితే ఆ సొమ్ము పెరుగుతుందో ఆ పత్రం చదివి ఊహించవచ్చు. కానీ ఆ సొమ్ము గడించిన మనిషి ఊరికి ఎన్నేళ్లుగా తెలుసు, కష్టం వచ్చిన నాడు ఎక్కడున్నాడు అన్న గడి మాత్రం ఏ ఫారంలోనూ ఉండదు; దాన్ని నింపవలసింది ఓటరే.